సూత్రప్రాయంగా పెళ్లి

మా సీరియల్లో తాతగారు పోయిన రోజు చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు. వెలిగిన ఇళ్లలో కూడా కూరకి తాలింపు వేయలేదని తరవాత మా ఛానెల్ వారు చేయించిన సర్వేలో తేలింది.

సీరియల్ పేరు 'పావనికి పెళ్లంట'. ఆరేళ్లుగా వస్తోంది. ఈ ఆరేళ్లలో పావనికి తప్ప అందులో అందరికీ పెళ్లిళ్లయ్యాయి, కొందరికి రెండేసి కూడా అయ్యాయి. దానికి కథా మాటలూ నావి. నా పేరు పురుషోత్తం. తెరమీద ఆ పేరు పడే సమయానికి జనం కంచాల్లో అన్నం వడ్డించుకుంటూ ఉంటారు గనక ఎవరికీ తెలియదు. సెట్లో అందరికీ రైటరు గారిని.

తాతగారిని చంపాలని నాకేమీ కోరిక లేదు. ఆ వేషం వేసే పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు వచ్చి, ఇక మేడమెట్లు ఎక్కలేనన్నాడు. మా కథలో ముఖ్యమైన మాటలన్నీ మేడమెట్ల మీదే జరుగుతాయి. వేరే దారిలేక ఆయనకి గుండెపోటు ఇచ్చాను. మర్నాటి నుంచి ఆఫీసులో ఫోన్లు మోగడం మొదలెట్టి ఆగలేదు. ఒక ఊళ్లో పన్నెండో రోజు భోజనాలు పెట్టి మా డైరెక్టరుని పిలిచారు. ఆయన వెళ్లి భోంచేసి వచ్చాడు. వంకాయ కూర చాలా బాగుందన్నాడు.

కానీ సీరియల్‌కి ప్రకటనలిచ్చే టీపొడి కంపెనీ వారికి కంగారు పుట్టింది. దుఃఖంలో ఉన్న జనం టీ మానేస్తారేమోనని వాళ్ల భయం. దాంతో ఛానెల్ వారు 'ప్రేక్షక మనోభావ సమన్వయ విభాగం' అని కొత్తది ఒకటి తెరిచి, దానికి చక్రధర్ గారిని అధిపతిగా వేశారు. అంతకుముందు ఆయన ఒక సబ్బుల కంపెనీలో నురగ మీద ప్రజాభిప్రాయం సేకరించేవాడు. వచ్చిన రోజే మమ్మల్నందరినీ సమావేశపరిచాడు.

"మిత్రులారా, ప్రేక్షకుడు మన వ్యవస్థలో ఒక భాగస్వామి. భాగస్వామి సమ్మతి లేకుండా సంభవించే ప్రతి మరణమూ ఏకపక్ష మరణమే. ఇకపై ఏకపక్ష మరణాలు ఉపేక్షించబడవు" అన్నాడు.

"గుండెపోటంటే చెప్పకుండా వచ్చేదే కదండీ" అన్నాను.

"ఇకపై చెప్పి వస్తుంది" అన్నాడు.

ఆ రోజు నుంచి మా సీరియల్లో చావు, పుట్టుక, పెళ్లి, చెంపదెబ్బ, ఇల్లు విడిచి వెళ్లిపోవడం అనేవి ప్రేక్షకుల ముందస్తు సమ్మతి లేనిదే జరగకూడదని నిబంధన వచ్చింది. సమ్మతి ఇవ్వడానికి ఒక కమిటీ. అందులో ఇద్దరే సభ్యులు. సాయంత్రం ప్రసారం చూసేవాళ్ల తరఫున తెనాలి నుంచి కామేశ్వరమ్మ గారు, మధ్యాహ్నం పునఃప్రసారం చూసేవాళ్ల తరఫున జనగామ నుంచి యాదమ్మ గారు. ఇద్దరే ఎందుకని డైరెక్టరు అడిగాడు.

"ఒక్కరైతే నియంతృత్వం, ముగ్గురైతే గుంపు. ఇద్దరన్నది శాస్త్రీయంగా నిర్ధారించబడిన సంఖ్య" అన్నాడు చక్రధర్ గారు.

నెలకోసారి ఛానెల్ కారు వెళ్లి వాళ్లిద్దరినీ హైదరాబాదు తీసుకొచ్చేది. గెస్ట్‌హౌస్‌లో దింపి, రెండు పూటలా భోజనం పెట్టి, వాళ్ల మనోభావాలు సేకరించేవారు.

మొదటి సమావేశంలోనే తాతగారు బతకాలని ఏకగ్రీవంగా తీర్మానం అయింది. ఆయన్ని మళ్లీ పిలిపించాం. "మీరు దహనం చేసింది నన్ను కాదర్రా" అంటూ లోపలికొచ్చి, గోడమీది తన ఫోటోకి వేసిన దండ తనే తీసి పక్కనబెట్టి, కాఫీ అడిగాడు. ముఖ్యమైన మాటలన్నీ కింది హాల్లోకి మార్చాను. జనం చాలా సంతోషించారు. టీ అమ్మకాలు పెరిగాయట.

రెండో నెల చెంపదెబ్బ వచ్చింది. పావనిని సవతి అత్త కొట్టాలి. ఎదురు మాట్లాడింది గనక కొట్టొచ్చని కామేశ్వరమ్మ గారు, తల్లిలేని పిల్లని కొట్టనిచ్చేది లేదని యాదమ్మ గారు పట్టుబట్టారు. చక్రధర్ గారు మధ్యేమార్గం కనిపెట్టాడు. చెయ్యి లేస్తుంది, చప్పుడు వినిపిస్తుంది, చెంపకి మాత్రం తగలదు. పావని వేషం వేసే అమ్మాయి, తగలని దెబ్బకి ఎటువైపు తల తిప్పాలో తెలియక రెండు వైపులా తిప్పింది.

ఆ అమ్మాయి పేరు నీలవేణి. కోనసీమ పిల్ల, రాజోలు. ఈ సీరియల్‌కి వచ్చినప్పుడు ఇరవై కూడా లేవు. నన్ను బాబాయ్ గారని పిలుస్తుంది. నేను రాసే పొడుగాటి మాటల్ని కూడా ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగేది ఆ అమ్మాయి ఒక్కతే. అందుకని నాకు కాస్త అభిమానం ఎక్కువ.

ఇక మూడో నెల పావని పెళ్లి ఘట్టం వచ్చింది.

కథ ప్రకారం పావని పీటలమీద కూర్చుంది. లెక్చరరు విహారి తాళిబొట్టు రెండు చేతులతో పట్టుకుని వంగాడు. సరిగ్గా అప్పుడు, పోయాడనుకున్న మేనబావ అభిరామ్ గేటు దగ్గర నుంచి "ఆపండి!" అని అరిచాడు. అక్కడిదాకా రాసి, ఏం చెయ్యమంటారని కమిటీకి పంపాం.

"విహారే కట్టాల. ఆరేళ్ల నుంచీ ఆ పిల్ల కోసం గడ్డం పెంచుకుని తిరుగుతున్నాడు" అన్నారు కామేశ్వరమ్మ గారు.

"గట్లెట్ల? అభిరామ్ పోరడు దానిమీద ఎంత పావురంగ, ఎంత ప్రేమగ ఉంటడు! సచ్చి బతికొచ్చిండు. వాడే కట్టాలె" అన్నారు యాదమ్మ గారు.

ఒకటికి ఒకటి. చక్రధర్ గారు లేచి నుంచుని ప్రకటించాడు: "ఏకాభిప్రాయం కుదిరే పర్యంతం యథాతథ స్థితి కొనసాగించబడుతుంది."

యథాతథ స్థితి అంటే తాళి గాల్లో ఉండటం.

ఆషాఢం వెళ్లింది. శ్రావణం వచ్చింది. కమిటీ ప్రతి నెలా కూర్చుంది, ప్రతి నెలా ఒకటికి ఒకటే. పావని మెడకి జానెడు దూరంలో తాళి అలాగే ఉంది. ఒకరోజు ఎడమవైపు నుంచి చూపించాం, ఒకరోజు కుడివైపు నుంచి. ఒక వారం మొత్తం పెళ్లికొచ్చిన చుట్టాల ముఖాలు చూపించాం. ఆ పందిట్లో కూర్చుని ఒక్కొక్కరూ తమ చిన్నతనం గుర్తుచేసుకున్నారు. పురోహితుడి వేషం వేసినాయన ఎపిసోడ్ మొదట్లో "గట్టిమేళం!" అనేవాడు, ఆఖర్న "ఆగండి!" అనేవాడు. మధ్యలో కునుకు తీసేవాడు. పందిట్లో అరటిచెట్లు వాడిపోతే ప్లాస్టిక్‌వి తెచ్చి కట్టారు.

అందరికంటే కష్టం మురారికి వచ్చింది. విహారి వేషం అతనిదే. చేతులు ఎత్తి పట్టుకుని పట్టుకుని భుజాలు బిగుసుకుపోయాయి. పైనుంచి సన్నని తీగతో మణికట్లు వేలాడదీశాం. కొన్నాళ్లకి తీగ విప్పినా కుడిచెయ్యి దిగలేదు. రోడ్డు పక్కన నుంచుంటే పిలవకుండానే ఆటోలు వచ్చి ఆగేవి. ఒకసారి బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి వెళితే, టీచరమ్మ ఏదో అడగబోతున్నాడనుకుని మాటిమాటికీ "చెప్పండి సార్" అందట.

చిత్రం ఏమిటంటే, రేటింగు పెరిగింది. ఏమీ జరగడం లేదని తెలిసి, ఏమైనా జరుగుతుందేమోనని జనం కదలకుండా చూశారు. చక్రధర్ గారికి ఆ ఏడాది ఉత్తమ సమన్వయకర్త అని షీల్డు ఇచ్చారు.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం భోజనాల విరామంలో నీలవేణి నా దగ్గరికొచ్చి కూర్చుంది. పెళ్లికూతురి అలంకారంలోనే ఉంది. బాసికం ఊడకుండా జాగ్రత్తగా పెరుగన్నం తింటోంది.

"బాబాయ్ గారండీ, నాకు పెళ్లి కుదిరిందండి" అంది.

"ఎవరితో? విహారా, అభిరామా?" అన్నాను. అలవాటు.

"అదేటండి బాబూ! నాకండి, నాకు! మా రాజోలేనండి. పశువుల డాక్టరు. సత్యానందం గారని. వచ్చే నెల్లో ముహూర్తం. పది రోజులు సెలవు ఇప్పించండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల ముఖంలో వచ్చిన వెలుగు ఆరేళ్లలో మా కెమెరాకి ఒక్కసారి కూడా దొరకలేదు. నాకు చాలా సంతోషం కలిగి, స్వయంగా చక్రధర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"శుభం. కానీ ఇందులో ఒక విధానపరమైన చిక్కు ఉంది. పావని వివాహం ప్రేక్షక సమ్మతి లేకుండా జరగరాదని నిబంధన."

"పెళ్లి పావనికి కాదండి, నాకండి" అంది నీలవేణి.

"అమ్మా, తాళి పడేది మెడకి. మెడ ఒక్కటే. ఆ మెడ గత ఆరు సంవత్సరాలుగా ప్రేక్షకుల భావోద్వేగ పరిధిలో ఉంది. మీ అగ్రిమెంటులో కూడా, పాత్ర ప్రతిష్ఠకు భంగం కలిగించే చర్యలకు పాల్పడితే తొలగింపు అని స్పష్టంగా పొందుపరచబడింది. మీరు ఆందోళన చెందవద్దు. వరుడి అభ్యర్థిత్వాన్ని కమిటీ ముందు ఉంచుదాం."

అలా రాజోలు నుంచి పశువుల డాక్టరు గారు పెళ్లిచూపులకి హైదరాబాదు వచ్చాడు. చామనఛాయ, బలమైన చేతులు, కొత్త చొక్కా. సెట్లో పెళ్లిపందిరి పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఒక పక్కన తాళి పట్టుకుని మురారి వేలాడుతున్నాడు. ఎదురుగా కామేశ్వరమ్మ గారు, యాదమ్మ గారు. వెనకాల కెమెరా. అభ్యర్థిత్వ పరిశీలనని చిత్రీకరించి భద్రపరచాలని నిబంధన ఉందట.

"మీరు ఈ వివాహ ప్రక్రియలోకి ఏ మార్గం ద్వారా ప్రవేశించారో వివరించండి" అన్నాడు చక్రధర్ గారు.

"బస్సులో వచ్చానండి" అన్నాడు సత్యానందం.

"మా సీరియల్ చూస్తావా అబ్బాయ్?" అన్నారు కామేశ్వరమ్మ గారు.

"లేదండి. ఆ టైముకి పాలు తీసే వేళండి. ఏదో ఒక గేదె తంతుంది, నాకు కబురొస్తుంది."

నీలవేణి నుదురు కొట్టుకుంది. కామేశ్వరమ్మ గారు ముఖం తిప్పుకున్నారు. యాదమ్మ గారు మాత్రం ముందుకి జరిగారు.

"మా బర్రె నిన్నటిసంది మేస్తలేదు సారు. నెమరు గూడ ఏస్తలేదు."

"కడుపు ఉబ్బిందాండి? ఎడమ పక్కన?"

"ఉబ్బింది."

"అయితే ఇక్కడ కూర్చోకండమ్మా. ఇంటికి ఫోను చేసి మీ ఊరి పశువుల ఆసుపత్రికి ఇప్పుడే తోలించండి. రేపటిదాకా ఆగొద్దు" అని లేచి నుంచున్నాడు, తనే తోలేట్టు.

యాదమ్మ గారు అక్కడికక్కడే ఫోను చేశారు. తరవాత తిరిగి, "నాకు సమ్మతే" అన్నారు.

కామేశ్వరమ్మ గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "అబ్బాయి మంచోడే. నేను కాదన్లా. పావని ఒక పీట మీద కూచోనుండంగా ఇంకో పీట మీదికి ఎట్టా పంపుతాం? విహారి మొహం చూడండి, ఎట్టా వేలాడుతున్నాడో!"

మళ్లీ ఒకటికి ఒకటి.

చక్రధర్ గారు సాయంత్రందాకా ఆలోచించి నిర్ణయం చెప్పాడు. "ఇరుపక్షాల మనోభావాలనూ దృష్టిలో ఉంచుకుని, సదరు వివాహానికి సూత్రప్రాయంగా అనుమతి ఇవ్వడమైనది. స్నాతకం, కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, విందు భోజనాలు యథావిధిగా జరుపుకోవచ్చు. మాంగల్యధారణ మాత్రం తదుపరి సమావేశం వరకు వాయిదా."

"తాళి కట్టకుండా పెళ్లెట్లా అవుతుందండీ?" అన్నాను.

"సూత్రప్రాయంగా" అన్నాడు.

సత్యానందం బస్సుకి టైమవుతోందని వెళ్లిపోయాడు. రెండో రోజున రాజోలు నుంచి అతని తండ్రి ఫోను. టీవీ వాళ్లొచ్చి నలుగురిలో పెళ్లి ఆపుతారని ఊళ్లో అంటున్నారట. అలా అయితే పరువు పోతుంది, ఇప్పుడే మానుకుంటే మేలేమో అన్నాడట. నీలవేణి ఫోను పెట్టేసి పందిరి వెనక్కి వెళ్లి కూర్చుంది. గ్లిజరిన్ లేకుండా ఆ పిల్ల ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆరేళ్లుగా నేను ఏడిపిస్తున్న పిల్లే. కానీ అప్పుడు నా చేతిలో ఒక్క మంచి మాట కూడా లేకపోయింది.

కాసేపటికి తనే కళ్లు తుడుచుకుంది.

"ఉద్యోగం మానేసి చేసుకోవచ్చండి. కానీ నాకు ఈ పని ఇష్టమండి. ఆయన కూడా ఇష్టమండి. ఒకటి వదులుకోమని ఆ చక్రధర్ గారెవరండి? బాబాయ్ గారూ, రేపు ఆదివారం నాతో తెనాలి రండి. ఆ కామేశ్వరమ్మ గారి కాళ్లైనా పట్టుకుంటాను."

మర్నాడు పొద్దున్నే రైలెక్కి తెనాలిలో దిగాం. కామేశ్వరమ్మ గారి ఇల్లు మార్కెట్ వెనక సందులో. వాకిట్లో పందిరికి సొరతీగ. వీధరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఒకరు కామేశ్వరమ్మ గారు. రెండో ఆవిడ తలెత్తేసరికి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడ యాదమ్మ గారు.

నెలల తరబడి విహారి అని ఒకరు, అభిరామ్ అని ఒకరు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా పోట్లాడిన మనుషులు!

 కామేశ్వరమ్మ గారు చిక్కుడుకాయల గిన్నె పక్కకి జరిపారు.

"దొరికిపోయాం వదినా" అన్నారు.

"దొరికితే దొరికినం తియ్" అన్నారు యాదమ్మ గారు. "కూసోండ్రి సారు. ఈ పిల్ల ఎవలు? మన పావని లెక్కనే ఉన్నది."

నీలవేణి నూలుచీరలో, జడలో చిన్న కనకాంబరం మాలతో ఉంది. "నేనేనండి. నా పేరు నీలవేణండి" అంది. ఇద్దరూ ఆమెని నఖశిఖపర్యంతం చూశారు. కామేశ్వరమ్మ గారు గబగబా లోపలికెళ్లి మజ్జిగ తెచ్చారు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది.

"ఏం చెప్పమంటారు రైటరు గారూ" అన్నారు కామేశ్వరమ్మ గారు. "ముప్పై ఏళ్లయింది నేను కాపరానికొచ్చి. ఒక్క పూటన్నా ఎవరూ నాకు వండి వడ్డించిన పాపాన పోలా. మీ గెస్ట్‌హౌస్‌లో వేడివేడిగా వడ్డించి, ఇంకాస్త వెయ్యమంటారా అమ్మా అని అడిగితే, మొదటి రోజు నాకు ముద్ద దిగలా."

"నాకైతే పుట్టిల్లు సుత లేదు సారు" అన్నారు యాదమ్మ గారు. "నన్ను తోలుకపోనీకి ఎవలొస్తరు? మీ కారొచ్చి వాకిట్ల నిలవడ్తది. ఊరంత సూస్తది. ఆడికొస్తే ఈమె ఉంటది. ఇద్దరం పొద్దుదాక ముచ్చట వెట్టుకుంటం. ఒక్క మాట మీదికొస్తిమనుకో, పావని లగ్గమైతది. లగ్గమైతే సీరియల్ అయిపోతది. ఇగ కారేడికెల్లి వస్తది?"

"అంటే... విహారి, అభిరామ్?"

"ఎవుడైతే ఏంది?" అన్నారు ఇద్దరూ.

 నీలవేణి మజ్జిగ గ్లాసు కింద పెట్టి పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ, చివరికి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మరి నా పెళ్లి మాటేటండి? అదెందుకండి ఆపారు?"

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

"నీ లగ్గమా! నిజం లగ్గమా?" అన్నారు యాదమ్మ గారు. "ఓ బిడ్డా! గది గూడ సీరియల్ ముచ్చటే అనుకున్నం. ఎనక కెమెరా వెట్టిరి గద! ఆ డాక్టరు కొత్త యాక్టరు అనుకున్న. మస్తు జేసిండు అని ఈమెతోటి అన్న."

"బర్రె సంగతి?"

"బర్రె నిజమే. ఆ మాట పట్టుకుని తోలితే బతికింది."

కామేశ్వరమ్మ గారు నీలవేణి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "మా బుద్ధి తెల్లారినట్టే ఉంది. పసిదాని పెళ్లితో ఆడుకున్నాం. ఇప్పుడే ఫోను చేసి ఆయనతో ఒప్పుకున్నామని చెప్పేస్తా" అని చక్రధర్ గారికి ఫోను కలిపారు. అటునుంచి ఆయన, సమావేశంలో తప్ప బయట వెలిబుచ్చిన మనోభావాలు మనోభావాలుగా పరిగణించబడవని, తదుపరి సమావేశం ముహూర్తం దాటాకే ఉందని చెప్పాడు.

"అయితే పెళ్లి పందిట్లోనే పెట్టండి సమావేశం. మేమిద్దరం అక్కడే ఉంటాం, మీరూ రండి" అన్నారు కామేశ్వరమ్మ గారు.

క్షేత్రస్థాయి సమావేశం అన్న మాట చక్రధర్ గారికి నచ్చింది. ఒప్పుకున్నాడు. ఆపేవాళ్లెవరూ లేరని సత్యానందం తండ్రికి కూడా కామేశ్వరమ్మ గారే ఫోనులో నచ్చజెప్పారు.

పెళ్లి పగటి ముహూర్తం. రాజోల్లో కాలవ పక్కన కొబ్బరితోటలో పందిరి వేశారు. పనసపొట్టు కూర, పులిహోర, పూతరేకులు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పావని పెళ్లి చూడాలని జనం ట్రాక్టర్ల మీద వచ్చారు. మురారి కూడా వచ్చాడు. అతని చెయ్యి చూసి వడ్డించేవాళ్లు పిలుస్తున్నాడనుకుని పరిగెత్తుకొచ్చి అందరికంటే ముందు అతనికే వడ్డించారు. చక్రధర్ గారు సూటు వేసుకుని, కెమెరా మనిషిని వెంటబెట్టుకుని, పీటలకి దగ్గర్లో టేబులూ మైకూ వేయించుకున్నాడు. పెళ్లికూతురి తరఫు పెద్దముత్తైదువల్లా పట్టుచీరలు కట్టుకుని కామేశ్వరమ్మ గారు, యాదమ్మ గారు పక్కపక్కనే కూర్చున్నారు.

జీలకర్ర బెల్లం అయింది. పురోహితుడు తాళి అందరి చేతా ముట్టించి తెచ్చాడు. "గట్టిమేళం!" అన్నాడు. సత్యానందం లేచి, తాళి రెండు చేతులా పట్టుకుని వంగాడు.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. పందిరి మొత్తం ఆగిపోయింది. డోలు వాయించేవాడు పుల్ల ఎత్తి అలాగే ఉండిపోయాడు. అక్షింతలు పిడికిట్లో పట్టుకున్న వాళ్లెవరూ చెయ్యి విప్పలేదు. నీలవేణి కూడా మెడ వంచి, కళ్లు మూసుకుని, నెలల తరబడి చేసిన అలవాటు కొద్దీ కదలకుండా కూర్చుంది. కోనసీమ కోనసీమంతా గేటు వైపు చూస్తోంది, ఎవరో ఒకరు "ఆపండి" అంటారని. నేనూ చూశాను.

ఆ నిశ్శబ్దంలో చక్రధర్ గారు గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు క్షేత్రస్థాయి సమావేశం ప్రారంభించబడుతున్నది. ముందుగా సంధ్యాసమయ ప్రేక్షకుల తరఫున తమ మనోభావాన్ని..."

సత్యానందం ఎందుకు ఆగాలో అతనికి తెలియదు. కట్టేశాడు. ఒక ముడి వేశాడు, రెండో ముడి వేశాడు, మూడోది గట్టిగా బిగించి, పలుపుతాడు సరిచూసుకున్నట్టు ఒకసారి లాగి చూశాడు.

నీలవేణి కళ్లు తెరిచింది. చేత్తో తడిమి చూసుకుంది.

"అయిపోయిందాండి?" అంది అతనితో, నమ్మలేనట్టు.

"అయిపోయిందండి. నొప్పెట్టిందా?" అన్నాడతను.

అంతే. పందిరి పగిలిపోయింది. ఇన్ని నెలలుగా చూస్తూ కూర్చున్న జనం, ఇన్ని నెలల అక్షింతలూ ఒక్కసారే వేసినట్టు వేశారు. ముసలమ్మలు బిగ్గరగా ఏడ్చారు. ఎవరో ఈల వేశారు. యాదమ్మ గారు దోసిళ్లతో తీసి సగం పెళ్లికూతురి మీద, సగం పెళ్లికొడుకు మీద పోస్తున్నారు. ఆ హడావుడిలో మురారి కుడిచెయ్యి, అక్షింతలు వేసే ఊపులో, కిందికి దిగింది. అతను దానికేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"సభ్యులు తమ మనోభావాలు నమోదు చేయవలసిందిగా..." అంటున్నాడు చక్రధర్ గారు. జుట్టు నిండా పసుపు బియ్యం. ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

పది రోజుల తరవాత నీలవేణి షూటింగుకి వచ్చింది. మెడలో పసుపుతాడు. సెట్లో పావనికి పెళ్లి కాలేదు, తాళి ఇంకా విహారి చేతుల్లోనే ఉండాలి. తీసి పక్కన పెట్టమ్మా అని డైరెక్టరు నసుగుతూ అడిగాడు.

"తియ్యనండి" అంది. కోపంగా కూడా అనలేదు. ఊరి నుంచి తెచ్చిన పూతరేకుల డబ్బా తీసి అందరికీ పెడుతూ అంది.

పసుపుతాడుతోనే చిత్రీకరించాం. మర్నాటి నుంచి జనానికి ఒకటే ప్రశ్న: పావని మెడలో తాళి ఎవరు కట్టారు? విహారి చేతిలోది చేతిలోనే ఉంది. అభిరామ్ గేటు దగ్గరే ఉన్నాడు. చక్రధర్ గారు నిబంధనలన్నీ తిరగేశాడు. జరగబోయే పెళ్లికి సమ్మతి తీసుకోవచ్చు గానీ, జరిగిపోయిన పెళ్లికి ముందస్తు సమ్మతి ఎలా తీసుకోవాలో వాటిలో లేదు. పైగా ఇద్దరు సభ్యులూ సమావేశానికి రావడం మానేశారు. ఈ నెల రాజోల్లో నీలవేణి అత్తగారింట్లో కలుస్తున్నామని కబురు పంపారు. ఆ పిల్ల వాళ్లని నెలకోసారి పిలుస్తోందట.

సమన్వయ విభాగం మూతపడలేదు. అలాంటివి మూతపడవు. చక్రధర్ గారికి పదోన్నతి ఇచ్చి వాతావరణ వార్తలకి మార్చారు. ఇప్పుడు వర్షం విషయంలో ప్రేక్షకుల మనోభావాలు సేకరిస్తున్నాడు. ధాన్యం ఆరబోసుకున్న వాళ్లు వాన వద్దనీ, ఇంకా నాట్లు వేయని వాళ్లు కావాలనీ అంటున్నారని, మబ్బుల విషయంలో యథాతథ స్థితి ప్రకటించాడని విన్నాను.

నన్ను డైరెక్టరు పిలిచాడు. "రైటరు గారూ, ఇక అడ్డేమీ లేదు. ఆ తాళి ఎవరు కట్టారో మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. రేపు షూటింగు" అన్నాడు.

ఇంటికొచ్చి తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. సాయంత్రం కావస్తోంది, వంటింట్లోంచి మా ఆవిడ చారు పెడుతున్న వాసన. ఇష్టమొచ్చినట్టు రాసి చాలాకాలమైంది. నా ఇష్టం ఏమిటో నాకే తట్టలేదు. విహారి అందామా అంటే ఒకవైపు భయం. అభిరామ్ అందామా అంటే ఇంకోవైపు భయం. ఇద్దరూ కాదందామంటే రెండు వైపులా భయం. ఆఖరికి ఉండబట్టలేక జనగామకి ఫోను చేశాను.

"యాదమ్మ గారూ, మీకు మాత్రం చెబుతాను. పావనికి ఆ తాళి కట్టింది..."

"ఓ సారూ, ఆగు ఆగు!" అన్నారావిడ, నిజంగా కంగారుగా. వెనకనుంచి గేదె అరుపు వినిపించింది. "నాకు జెప్పకు. రేప్పొద్దుగాల పని జేసుకుంట ఏమైతదో ఏమైతదో అనుకోవాలె గద. నువ్వు రాసుకోపో. నచ్చకుంటె నేనే ఫోన్ జేసి తిడ్త."

ఫోను పెట్టేశారు. నేను కలం అందుకున్నాను.